కాన్‌బాన్ బోర్డు కథ: టయోటా కార్ఖానా నుంచి హైదరాబాద్ దాకా

ఈ ఎపిసోడ్‌లో మనం చెప్పుకోబోయేది ఒక అట్టముక్క చరిత్ర.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళకి కాన్‌బాన్ బోర్డు కొత్తేమీ కాదు. జిరాలో కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టగానే కాన్‌బాన్ అనే టెంప్లేట్ కనబడుతుంది. దాన్ని నొక్కితే కాలమ్‌లు వచ్చేస్తాయి. చేయాల్సినవి, చేస్తున్నవి, అయిపోయినవి. ఒక్కో పనికి ఒక్కో కార్డు. ఎడమ నుంచి కుడికి జరుపుకుంటూ పోవడమే. రెండు నిమిషాల్లో బోర్డు తయారు. ఆరు నెలల తర్వాత అదే బోర్డు తెరిచి చూడండి. మధ్య కాలమ్‌లో నలభై కార్డులు వేలాడుతూ ఉంటాయి. ఏది ఎప్పుడు అవుతుందో ఎవరూ చెప్పలేరు. మీటింగులో మాత్రం ఒకే ప్రశ్న వస్తుంది: "ఎందుకింత ఆలస్యం? ఎవరు చేయట్లేదు?"

ఆ బోర్డు సెట్టింగ్స్‌లో ఒక చిన్న గడి ఉంటుంది. ఈ కాలమ్‌లో ఒకేసారి గరిష్ఠంగా ఎన్ని కార్డులు ఉండొచ్చు అని అడుగుతుంది. చాలామంది దాన్ని ఖాళీగానే వదిలేస్తారు. నిజానికి కాన్‌బాన్ అంటే ఆ గడిలో రాసే అంకెే. మిగతాదంతా దాని చుట్టూ ఉన్న అలంకారం. ఎందుకలా అంటున్నానో తెలియాలంటే ఒకసారి జపాన్ వెళ్ళాలి.

కాన్‌బాన్ అంటే జపనీస్‌లో సైన్‌బోర్డు. అంగడి ముందు పేరు రాసి వేలాడదీస్తారు కదా, ఆ పలక. ఆ మాటని కార్ఖానాలోకి తెచ్చింది టయోటా కంపెనీ ఇంజనీరు తాయిచి ఓనో. ఆయన 1912లో పుట్టారు. 1932లో టొయోడా వాళ్ళ నూలు, నేత కంపెనీలో చేరారు. టయోటా వాళ్ళ మూలం మోటారు కాదండీ, మగ్గం. సాకిచి టొయోడా అనే ఆయన తయారుచేసిన ఆటోమేటిక్ మగ్గంలో ఒక గొప్ప గుణం ఉంది. పోగు తెగితే మగ్గం దానంతటదే ఆగిపోతుంది. పాడైన బట్ట నేస్తూ పోదు. అవసరమైనప్పుడు ఆగడం కూడా పనిలో భాగమే అనే ఆలోచన ఆ కుటుంబంలో అక్కడే మొదలైంది. ఆయన కొడుకు కీచిరో టొయోడా 1937లో మోటారు కంపెనీ పెట్టారు. ఏ భాగం ఎప్పుడు కావాలో అప్పుడే, కావలసినంతే రావాలి అనే సూత్రం ఆయనదే.

ఓనో తన పుస్తకంలో ఒక లెక్క రాశారు. 1937 ప్రాంతంలో ఆయన విన్న మాట ఏంటంటే, ఒక జర్మన్ కార్మికుడు చేసే పనికి ముగ్గురు జపాన్ వాళ్ళు కావాలి, ఒక అమెరికన్ చేసే పనికి ముగ్గురు జర్మన్లు కావాలి. అంటే ఒక అమెరికన్‌కి తొమ్మిదిమంది జపాన్ వాళ్ళు సమానం. ఇది వింటే మామూలుగా ఏమంటారు? మనవాళ్ళు బద్ధకస్తులు, ఇంకా గట్టిగా పనిచేయించాలి అంటారు. ఓనో అలా అనుకోలేదు. అమెరికన్‌కి తొమ్మిది రెట్ల కండబలం ఏమీ ఉండదు కదా, మరి మనం ఎక్కడో వృథా చేస్తున్నాం, ఆ వృథాని తీసేస్తే చాలు అనుకున్నారు. తప్పు మనిషిలో లేదు, పని నడిచే పద్ధతిలో ఉంది. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

యుద్ధం ముగిశాక టయోటా పరిస్థితి ఏమీ బాగోలేదు. నెలలో మొదటి సగమంతా విడిభాగాలు పోగుచేసుకోవడంతోనే సరిపోయేది. రెండో సగంలో హడావుడిగా బండ్లు బిగించేవారు. 1949లో ద్రవ్యోల్బణాన్ని అణచడానికి దేశంలో కఠినమైన పొదుపు విధానం వచ్చింది. కొనేవాళ్ళు లేరు, తయారైన ట్రక్కులు అమ్ముడుపోలేదు. కంపెనీ దివాలా అంచుకి చేరింది. బ్యాంకులు ఆదుకోవడానికి ముందుకొచ్చాయి కానీ షరతులు పెట్టాయి. అమ్మకాలకి వేరే కంపెనీ పెట్టాలి, అది అమ్మగలిగినన్నే తయారుచేయాలి. మనుషుల్ని తగ్గించాలనే ప్రతిపాదన మీద 1950లో పెద్ద సమ్మె జరిగింది. చివరికి రెండు వేల మందికి పైగా ఉద్యోగాలు వదిలి వెళ్ళారు. వాళ్ళతోపాటు కీచిరో టొయోడా కూడా అధ్యక్ష పదవికి రాజీనామా చేశారు. అదే జూన్ నెలలో కొరియా యుద్ధం మొదలైంది. అమెరికా సైన్యం ఇచ్చిన ట్రక్కుల ఆర్డర్లతో కంపెనీ ఊపిరి పీల్చుకుంది.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, కాన్‌బాన్ పుట్టింది ఏదో మేనేజ్‌మెంట్ క్లాసులో కాదు. అమ్ముడుపోని సరుకు గోదాముల్లో పేరుకుంటే ఏమవుతుందో, దానికి ఎవరి బతుకులు బలవుతాయో కళ్ళారా చూసిన చోట పుట్టింది. అందుకే ఓనో లెక్కలో అన్నిటికంటే పెద్ద వృథా అవసరానికి మించి తయారుచేయడం. ఎందుకంటే మిగతా వృథాలన్నీ దాని చాటునే దాక్కుంటాయి.

మరి మించి తయారుకాకుండా ఆపేదెలా? ఓనోకి దారి చూపించింది అమెరికా సూపర్‌మార్కెట్. 1916లో మెంఫిస్ నగరంలో పిగ్లీ విగ్లీ అనే దుకాణం పెట్టి, కొనేవాళ్ళే అరల్లోంచి సరుకు తీసుకునే పద్ధతి మొదలుపెట్టారు. అక్కడ ఎవరికి ఎంత కావాలో అంతే తీసుకుంటారు. అరలో ఎంత ఖాళీ అయితే అంతే నింపుతారు. ఓనో దీన్ని కార్ఖానాకి అన్వయించారు. వెనక విభాగం సరుకు తయారుచేసి ముందు విభాగం మీదకి తోసెయ్యడం కాదు. ముందు విభాగమే తనకి కావాల్సినప్పుడు వెనక్కి వెళ్ళి తెచ్చుకోవాలి. తీసుకెళ్ళినంతే మళ్ళీ తయారుచేయాలి. 1940ల చివర్లో తన మెషీన్ షాపులో ఈ ప్రయోగాలు మొదలుపెట్టారు. 1956లో అమెరికా వెళ్ళినప్పుడు ఆ సూపర్‌మార్కెట్లని స్వయంగా చూశారు.

ఇక్కడే అట్టముక్క వస్తుంది. ప్లాస్టిక్ కవరులో పెట్టిన ఒక కార్డు. దాని మీద ఏ భాగం, ఎన్ని, ఎక్కడినుంచి ఎక్కడికి అని రాసి ఉంటుంది. ప్రతి డబ్బాకీ ఒక కార్డు. డబ్బాలో సరుకు వాడేటప్పుడు కార్డు విడిపోయి వెనక్కి వెళ్తుంది. ఆ కార్డు చేతికొస్తేనే వెనకవాళ్ళు ఇంకో డబ్బా తయారుచేస్తారు. కార్డు లేదా, తయారీ లేదు. కార్డు లేదా, డబ్బా కదలదు.

మనకి అర్థమయ్యేలా చెప్పాలంటే వంట గ్యాస్ చూడండి. రెండు సిలిండర్ల కనెక్షన్ ఉన్న ఇంట్లో ఒకటి పొయ్యికి, ఒకటి నిండుగా పక్కన. వాడుతున్నది అయిపోయినప్పుడు బుక్ చేస్తాం. ఖాళీది ఇస్తేనే నిండుది ఇచ్చి వెళ్తారు. గ్యాస్ కంపెనీ దగ్గర ఎంత సరుకున్నా సరే, మన వంటింట్లోకి మూడో సిలిండర్ రాదు. ఆ ఖాళీ సిలిండరే మన కాన్‌బాన్. ఇందులో గమ్మత్తు సిలిండర్‌లో లేదు, "రెండే" అనే లెక్కలో ఉంది. ఎవరైనా అడిగినప్పుడల్లా కొత్త కార్డు రాసి ఇచ్చేస్తుంటే, అది కాన్‌బాన్ కాదు, ఉత్త చీటీ.

టయోటాలో ఇది ఒక్కరోజులో జరగలేదు. మొదట ఓనో చేతికింద ఉన్న విభాగాల్లో, తర్వాత మిగతావాటిలో, 1962 నాటికి కంపెనీ అంతటా అమలైంది. ఆ తర్వాత విడిభాగాలు సరఫరా చేసే కంపెనీలకి పాకింది. ఇంకో సంగతి ఏంటంటే, వ్యవస్థ స్థిరపడ్డాక కావాలనే కార్డుల సంఖ్య తగ్గించేవారు. చెరువులో నీళ్ళు తగ్గితే అడుగునున్న రాళ్ళు బయటపడతాయి కదా, అలాగే సరుకు నిల్వ తగ్గితే ఏ మెషీన్ మాటిమాటికీ ఆగుతోందో, ఏ విభాగం లోపాలు దాస్తోందో తెలిసిపోతుంది. 1973 చమురు సంక్షోభంలో మిగతా కంపెనీలు తడబడుతుంటే టయోటా త్వరగా తేరుకుంది. అప్పుడు జపాన్ అంతా ఈ పద్ధతి వైపు చూసింది. 1978లో ఓనో పుస్తకం వచ్చింది.

అయితే దీన్ని దేవుడి పటంలా గోడకి తగిలించి పూజ చేయక్కర్లేదు. సతోషి కమాతా అనే పాత్రికేయుడు 1972లో టయోటాలో తాత్కాలిక కార్మికుడిగా చేరి, అక్కడి లైను వేగం మనుషుల్ని ఎలా పిండేస్తుందో మరుసటి ఏడాది పుస్తకంగా రాశారు. 1997 ఫిబ్రవరి 1న ఐసిన్ కంపెనీ కార్ఖానాలో అగ్నిప్రమాదం జరిగింది. టయోటా బండ్ల బ్రేకుల్లో వాడే ఒక చిన్న వాల్వు దాదాపు అంతా అక్కడే తయారయ్యేది. నిల్వ కొద్ది గంటలకి సరిపడానే ఉంది. దాంతో టయోటా కార్ఖానాలు వరసగా మూతపడ్డాయి. సరఫరా కంపెనీలన్నీ కలిసి ఆ వాల్వులు ఎక్కడికక్కడ తయారుచేసి ఇవ్వడంతో కొద్ది రోజుల్లోనే మళ్ళీ తెరుచుకున్నాయి. కాబట్టి ఆ అంకె ఎంత ఉండాలి అన్నది తేలిక ప్రశ్నేమీ కాదు. తక్కువైనా దెబ్బే. కానీ అంకె అంటూ లేకపోవడం ఇంకా పెద్ద దెబ్బ.

ఇక సాఫ్ట్‌వేర్‌కి వద్దాం. ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది. మనం చూసే మూడు కాలమ్‌ల బోర్డు నేరుగా టయోటా నుంచి రాలేదు. 1990ల చివర్లో ఎక్‌స్ట్రీమ్ ప్రోగ్రామింగ్, స్క్రమ్ లాంటి పద్ధతులు పాటించే టీములు పనుల్ని కార్డుల మీద రాసి గోడకి అంటించేవి. గోడ వాళ్ళది, అంకె టయోటాది. ఈ రెండూ కలవడానికి ఇంకొన్నేళ్ళు పట్టింది. ఆ కలయికకి ముందు మన హైదరాబాద్‌లో ఒక ఘట్టం జరిగింది.

2004లో మైక్రోసాఫ్ట్ తన సొంత అవసరాలకి వాడే అప్లికేషన్లలో చిన్నచిన్న మార్పులు, రిపేర్లు చేసే పనిని హైదరాబాద్‌లోని ఒక వెండర్ కంపెనీకి అప్పగించింది. అందులో ముగ్గురు డెవలపర్లు, ముగ్గురు టెస్టర్లు. మొత్తం ఆరుగురు. మైక్రోసాఫ్ట్ ఐటీ విభాగంలో సేవ విషయంలో అందరికంటే చెడ్డపేరు ఈ టీముకే ఉండేది. అడిగిన మార్పు చేతికి రావడానికి సగటున ఐదు నెలలు, అంటే 155 రోజుల దాకా పట్టేది. క్యూలో 80కి పైగా పనులు. అది రోజురోజుకీ పెరుగుతోంది. రెడ్మండ్ ఆఫీసు నుంచి ఈ టీమును చూసుకునే బాధ్యతని ద్రాగోష్ దుమిత్రియు అనే ప్రోగ్రామ్ మేనేజర్ తీసుకున్నారు. ఆయనకి సలహా ఇచ్చింది అప్పట్లో మైక్రోసాఫ్ట్‌లోనే ఉన్న డేవిడ్ జె. ఆండర్సన్.

ఇలాంటి టీము గురించి మామూలుగా ఏమనుకుంటారో మనకి తెలుసు. ఆఫ్‌షోర్ వాళ్ళు కదా, నెమ్మది కదా, ఇంకో నలుగురిని వేయండి, శనివారాలు కూడా రమ్మనండి. వీళ్ళిద్దరూ ముందు పని ఎలా నడుస్తోందో గీసి చూశారు. అసలు సంగతి బయటపడింది. ఏ కొత్త కోరిక వచ్చినా దానికి ఎంత సమయం పడుతుందో 48 గంటల్లో అంచనా ఇవ్వాలి. ఆ అంచనా వెయ్యడానికి ఒక డెవలపర్‌కి, ఒక టెస్టర్‌కి దాదాపు ఒక రోజు పోయేది. టీము శక్తిలో మూడో వంతు దాకా అంచనాలకే ఖర్చయ్యేది. తీరా అంచనా వేసిన వాటిలో దాదాపు సగం పనులు అసలు జరిగేవే కావు. మిగతావి నెలల తరబడి క్యూలో కూర్చునేవి. పనికి పట్టేది కొద్ది రోజులే. నెలలన్నీ ఎదురుచూపులకే పోయేవి.

మార్పులు చూడండి, ఎంత సాదాగా ఉన్నాయో. అంచనాలు వెయ్యడం ఆపేశారు. డెవలపర్ల ముందున్న వరుసకి ఒక పరిమితి పెట్టారు. నెలకోసారి జరిగే వాదులాట మీటింగు పోయి, పని అడిగే వ్యాపార విభాగాల మేనేజర్లతో వారానికోసారి చిన్న చర్చ వచ్చింది. అందులో ప్రశ్న ఒక్కటే: "ఖాళీ అయిన చోటుకి ఇప్పుడు ఏ పని రావాలి?" ఆ తర్వాత టెస్టర్ల దగ్గర తీరిక ఉందని, డెవలపర్ల దగ్గరే పని ఇరుక్కుంటోందని గమనించి, ముగ్గురు ముగ్గురు బదులు నలుగురు డెవలపర్లు, ఇద్దరు టెస్టర్లుగా మార్చారు. ఫలితాలు కనబడ్డాకే అదనపు మనుషులు వచ్చారు.

తొమ్మిది నెలల్లో పరిస్థితి తిరగబడింది. మూడు నెలలకి 17 పనులు చేసే టీము 56 చేసింది. ఐదు నెలల నిరీక్షణ రెండు వారాలకి దిగింది. ఒక్కో మార్పుకి అయ్యే ఖర్చు సుమారు 7,500 డాలర్ల నుంచి 2,900కి పడిపోయింది. పేరుకుపోయిన క్యూ కరిగిపోయింది. అంతకుముందు ఆ ఆరుగురూ పని రానివాళ్ళు కాదు. వాళ్ళ సమయాన్ని జరగని పనుల లెక్కలకి తగలేసిన పద్ధతి వాళ్ళకి చెడ్డపేరు తెచ్చింది. ఒక అమెరికన్‌కి తొమ్మిదిమంది జపాన్ వాళ్ళు అనే మాట విని ఓనో ఏమనుకున్నారో, సరిగ్గా అదే ఇక్కడా నిజమైంది.

తమాషా ఏంటంటే, ఆ టీములో గోడ మీద బోర్డు లేదు, రంగు కాగితాలు లేవు. పనులు నమోదుచేసే సాఫ్ట్‌వేర్, ఈమెయిలు, ఒక పరిమితి, అంతే. దానికి కాన్‌బాన్ అనే పేరు కూడా అప్పుడు పెట్టలేదు. గోల్డ్‌రాట్ అనే ఇజ్రాయెల్ ఆలోచనాపరుడి సిద్ధాంతం ఆధారంగా చేశారు. ఇది టయోటా పద్ధతికి దగ్గర బంధువే అన్న సంగతి ఆ తర్వాత స్పష్టమైంది. 2005 వసంతంలో ఆండర్సన్ టోక్యోలో రాజప్రాసాదం తోటకి వెళ్ళారు. గేటు దగ్గర ఒక ప్లాస్టిక్ కార్డు ఇచ్చారు. డబ్బులేం తీసుకోలేదు. బయటికొచ్చేటప్పుడు కార్డు తిరిగి తీసుకున్నారు. ఎందుకంటే తోటలో ఒకేసారి ఎంతమంది ఉండాలో ఆ కార్డుల సంఖ్యే చెప్తుంది. కార్డులన్నీ లోపల ఉంటే, బయట ఉన్నవాళ్ళు ఆగాలి. తోట ఇరుకైపోకుండా ఉండేది దానివల్లే. ఆ ఉదంతాన్ని ఆయన తన పుస్తకంలో రాసుకున్నారు.

తర్వాత ఆయన కార్బిస్ అనే ఫోటోల కంపెనీలో చేరారు. అక్కడ 2007లో తెల్ల బోర్డు మీద కాలమ్‌లు గీసి, కార్డులు అంటించి, పైన పరిమితి అంకెలు రాశారు. గోడ, అంకె కలిశాయి. 2010లో ఆయన పుస్తకం వచ్చింది. 2011లో ట్రెల్లో వచ్చింది. జిరాలో గ్రీన్‌హాపర్ అనే అదనపు భాగంగా మొదలైన బోర్డు తర్వాత అందులోనే కలిసిపోయింది. అక్కడినుంచి ప్రపంచమంతా బోర్డులే. కాకపోతే సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చేసరికి గోడ ముందుకొచ్చింది, అంకె సెట్టింగ్స్‌లోకి పోయింది. జిరాలో పరిమితి దాటితే కాలమ్ ఎర్రబడుతుంది, అంతే. కార్డుని ఆపదు. ఆపాల్సింది మనమే. టయోటాలో కార్డు లేకపోతే డబ్బా కదలదు. ఇక్కడ కార్డు తయారుచెయ్యడానికి ఖర్చే లేదు. ఒక్క క్లిక్కు చాలు.

కాబట్టి మీరు బోర్డు పెట్టబోతుంటే కొన్ని మాటలు. కాలమ్‌లు టెంప్లేట్ ఇచ్చినవి కాకుండా, మీ దగ్గర పని నిజంగా నడిచే మెట్లు పెట్టండి. ముఖ్యంగా పని ఎదురుచూసే చోట్లకి విడి కాలమ్ ఉండాలి. "కోడ్ అయింది, టెస్టింగ్ మొదలవలేదు" అనేది ఒక మెట్టే. నెలలు మాయమయ్యేది అక్కడే. తర్వాత ఇప్పుడు ఏ కాలమ్‌లో ఎన్ని కార్డులున్నాయో లెక్కపెట్టి, ఆ అంకెనే మొదటి పరిమితిగా రాయండి. ఓనో చేసినట్టు నెమ్మదిగా తగ్గించుకుంటూ రండి. కాలమ్ నిండితే కొత్తది మొదలుపెట్టకండి. కుడివైపు ఇరుక్కున్నదాన్ని పూర్తిచేయడానికి ఒక చెయ్యి వెయ్యండి. అర్జెంటు పనులకి ఒక దారి ఉంచండి కానీ, అందులో ఒకేసారి ఒక్కటే.

దీని వెనక లెక్క కూడా ఉంది. 1961లో జాన్ లిటిల్ అనే ఆయన నిరూపించిన సూత్రం. సగటున ఒక పనికి పట్టే సమయం ఎంత అంటే, చేతిలో ఉన్న పనుల్ని వారానికి పూర్తయ్యే పనులతో భాగిస్తే వచ్చేంత. చేతిలో 12 పనులు, వారానికి 3 పూర్తవుతున్నాయంటే ఒక్కో పనికి 4 వారాలు. అదే వేగంతో పనిచేస్తూ చేతిలో 6 మాత్రమే ఉంచుకుంటే 2 వారాలు. ఎవరూ ఎక్కువసేపు కూర్చోలేదు, ఎవరినీ తిట్టలేదు. సగం సమయం తగ్గింది.

కష్టం లెక్కలో లేదు, "ఇప్పుడు కాదు" అని చెప్పడంలో ఉంది. పైవాళ్ళు అడిగితే కాదనలేని ఆఫీసుల్లో ఒక ఉద్యోగి నోటితో చెప్పలేని ఆ మాటని, బోర్డు మీద అందరూ కలిసి ఒప్పుకున్న అంకె చెప్తుంది. ఆ గడి ఖాళీగా ఉన్నంతకాలం ఆలస్యానికి కారణం ఎవరో ఒక మనిషి మీదకి వస్తూనే ఉంటుంది. రేపు మీ బోర్డు తెరిచినప్పుడు ముందు ఆ గడి చూడండి. మీ టీములో ఈ అంకె పెట్టి చూసినవాళ్ళుంటే, ఎంత పెట్టారో, ఏమైందో మాతో పంచుకోండి.